ధవళేశ్వరం: లాకులు, ఎర్రనీరు, ఏటిగట్టు

ధవళేశ్వరం పేరు ఏటా జులై, ఆగస్టుల్లో రాష్ట్రమంతా వింటుంది. "ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం ఇన్ని అడుగులు" అని రేడియోలో ప్రాంతీయ వార్తలు చెప్పిన రోజుల నుంచి నేటి ఫోన్ మెసేజీల దాకా, ఆ పేరు పక్కన ఒక అంకె ఉండితీరుతుంది. వరద తీశాక ఊరి సంగతి ఎవరికీ గుర్తుండదు. రాజమండ్రి పెరుగుతూ పెరుగుతూ వచ్చి ఈ ఊరిని ఆనుకుంది కాబట్టి, కొత్తగా వచ్చినవాళ్లకు రెండూ ఒకటే అనిపిస్తాయి. పాతవాళ్లకు అలా కాదు. రాజమండ్రికి గోదావరి పక్కనుండే నది. ధవళేశ్వరానికి గోదావరి పని. ఊళ్లో సగం ఇళ్లకు ఏటితోనో, కాలవతోనో, వర్క్‌షాపుతోనో ఏదో ఒక కొలువు ఉండేది.

నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి, ప్రాణహితను, ఇంద్రావతిని, శబరిని కలుపుకుని, పాపికొండల ఇరుకులో నుంచి బయటపడి వచ్చిన అఖండ గోదావరి ఇక్కడితో ఆఖరు. ఈ ఊరి ముందే నది విడిపోతుంది. ఎడమ పాయ గౌతమి, కుడి పాయ వశిష్ఠ. మధ్యలో పిచ్చుకలంక, బొబ్బర్లంక, మద్దూరులంక. ఈ లంకల మూలంగానే ఇక్కడ నదికి అడ్డంగా కట్టు కట్టడం సాధ్యమైంది. ఒకే దమ్మున అంత వెడల్పు నదిని అడ్డగించనక్కర్లేకుండా, లంక నుంచి లంకకు నాలుగు ముక్కలుగా కట్టుకోవచ్చు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని ఆ నాలుగు ముక్కలకూ పేర్లు. ఆర్థర్ కాటన్ 1847లో పని మొదలుపెట్టి 1852లో ముగించిన ఆనకట్టలో ధవళేశ్వరం ముక్క 1,624 గజాలు, ర్యాలి 954, మద్దూరు 516, విజ్జేశ్వరం 861. కలిపితే 3,955 గజాల రాతికట్టు.

అడుగున ఎక్కడా రాతినేల తగలదు, అంతా ఇసుకే. ఇసుక మీద ఇంత కట్టడం ఎలా నిలబడింది అన్నది ఈ ఊళ్లో పిల్లలు కూడా అడిగే ప్రశ్న, పెద్దలు చేతులతో చూపిస్తూ చెప్పే జవాబు. ఇసుకలోకి వరుసగా బావులు దించి, వాటిని నింపి, ఆ వరస మీద గోడ లేపారు. గోడ వెనకాల దిగువకు ఏటవాలుగా రాళ్లు పరిచారు. ఆ రాళ్ల కొసన మళ్లీ విడిరాయి కుప్పగా పోశారు. గోడ మీంచి దూకిన నీరు కింద ఇసుకను తోడేస్తుంది. తోడిన గోతిలోకి విడిరాయి తనంతట తాను జారి పూడుస్తుంది. గోడ నిలబడటంలో కిటుకంతా ఆ జారే రాయిలోనే ఉంది. అయితే జారిపోయిన రాయికి బదులు ఏటా మళ్లీ రాయి పోస్తూనే ఉండాలి, ఒక్క ఏడు మానినా మరుసటి వరద గోడ పునాది దాకా తోడుకు వస్తుంది. కావేరి మీద చోళుల నాటి కల్లణైని చూసి, కొల్లిడం మీద 1836లో ఆనకట్ట కట్టి, కాటన్ నేర్చుకున్న విద్య ఇది.

ఆ రాయి వచ్చింది ఊరి కొండల నుంచే. కొండ కొట్టి, ఏటి ఒడ్డు దాకా పట్టాలు వేసి, బండ్ల మీద రాయి దించారు. దేశంలో మొదటి ప్రయాణికుల రైలు 1853లో బొంబాయి నుంచి ఠాణాకు నడిచింది. అంతకన్నా కొన్నేళ్ల ముందే ధవళేశ్వరంలో పట్టాల మీద చక్రాలు తిరిగాయి. వేలమంది కూలీలను ఊళ్ల నుంచి రప్పించి, వాళ్లకు బస, కూడు చూసి పని నడిపించినవాడు వీణెం వీరన్న. కాటన్ పేరు చెప్పినప్పుడల్లా వీరన్న పేరు కూడా చెప్పాలన్నది ఊరి పాతవాళ్ల పట్టు, అది న్యాయమైన పట్టే. 1830ల కరువుల్లో, 1839 తుపానులో మనుషులు చెదిరిపోయిన సీమ ఇది. ఇవాళ ఈ కట్టు కింద పారే నేల దాదాపు 10 లక్షల ఎకరాలు. డెల్టాలో ఊరూరా గుర్రం మీద కాటన్ దొర విగ్రహం ఎందుకుందో, మే 15న ఆయన పుట్టినరోజుకు రైతులు దండలెందుకు వేస్తారో ఈ అంకె చెబుతుంది.

ఆనకట్ట గురించి పుస్తకాల్లో ఉంది. పుస్తకాల్లోకి ఎక్కనిది లాకుల బతుకు.

ధవళేశ్వరం దగ్గర తూర్పు డెల్టా కాలవ, బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టా కాలవ, విజ్జేశ్వరం దగ్గర పశ్చిమ డెల్టా కాలవ మొదలవుతాయి. ఒక్కో చోట కాలవలోకి నీరు వదిలే తూముల పక్కనే పడవలు దిగడానికి ఒక లాకు. నదిలో నీటిమట్టం ఎక్కువ, కాలవలో తక్కువ. ఆ తేడాను దాటించే రాతి గది అది. గదికి రెండు చివరలా రెండేసి రెక్కల తలుపులు. తలుపులు మూసినప్పుడు రెక్కలు తిన్నగా ఉండవు, ఎగువకు మొన తేలి కోణంగా ఆనుకుంటాయి. ఎగువ నీరు ఎంత నొక్కితే అంత బిగుస్తాయి, అందుకే వాటికి గడియ అక్కర్లేదు. రెండు వైపులా నీరు సమం కానిదే పదిమంది తోసినా కదలవు.

నదిలో నుంచి కాలవలోకి పడవ దిగాలంటే ముందు గది నిండాలి. కింది తలుపులు మూసి, పై తలుపుల్లోని చిన్న తూములు ఎత్తుతారు. గదిలో నీరు నదితో సమానమవగానే పై తలుపులు తెరుచుకుంటాయి. పడవ లోపలికి వస్తుంది. ముందొక తాడు, వెనకొక తాడు గట్టు మీద రాతి గుంజలకు చుడతారు. ముడి వేయరు, చుట్టి చివర చేత్తో పట్టుకోవాలి. పై తలుపులు మూసి కింది తలుపుల తూములు కొద్దికొద్దిగా ఎత్తుతారు. నీరు దిగుతుంటే తాడు వదులుతూ రావాలి. ఎవరైనా బద్ధకించి ముడి వేశారో, పడవ ఒక పక్క గుంజకు వేలాడి, రెండో పక్క దిగిపోయి ఒరుగుతుంది. ధాన్యం బస్తాలు జరిగాయంటే ఇక ఆపలేరు. ఎక్కే పడవకు ఇబ్బంది వేరు. పై తూముల్లోంచి దూసుకొచ్చే నీరు పడవను వెనక్కి నెడుతుంది. తాడు వదులుగా ఉంటే పడవ చుక్కాని వెళ్లి కింది తలుపులకు కొట్టుకుంటుంది. అందుకే దిగేటప్పుడు తాడు వదులు, ఎక్కేటప్పుడు తాడు గుంజు అనేది కళాసీల చేతికి పట్టిన లెక్క.

లాకు దగ్గర తలుపులు, తూములు నడిపే లస్కర్లకు ఇంకో దిగులుండేది. తలుపు ఆనుకునే రాతి గడప మీద ఏ కట్టెముక్కో, రాయో చిక్కుకుంటే తలుపు పూర్తిగా మూసుకోదు. ఆ సందులోంచి నీరు చిమ్ముతూ గది నిండదు. నిండకపోతే పై తలుపులు తెరుచుకోవు. రెండు పక్కలా పడవలు ఆగిపోతాయి. గడతో తడిమి చూసి, కాకపోతే మనిషి మునిగి తీయాల్సిందే. తూములు ఎత్తి ఉండగా ఎవరూ మునగకూడదు, ముందు అన్నీ దించాకే దిగాలి. వాన రోజుల్లో ఆ చల్లని బురదనీటిలో మునిగి లేచే మనిషికి పడవవాళ్లు చుట్టో, టీ నీళ్లో ఇచ్చేవాళ్లు.

ఈ లాకులో దిగిన పడవ ఎంత దూరం పోగలదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. తూర్పున కడియం దగ్గర కాలవలు చీలిపోతాయి. ఒకటి సామర్లకోటకు, ఇంకొకటి కాకినాడకు, మరొకటి మండపేట వైపు. పడమటి ఒడ్డున విజ్జేశ్వరంలో దిగితే ఏలూరు కాలవ పట్టుకుని కృష్ణ దాకా, కృష్ణ దాటి కొమ్మమూరు కాలవ, ఆపైన బకింగ్‌హాం కాలవ మీదుగా మద్రాసు. కాకినాడలో ఎక్కించిన సరుకు సముద్రం ముఖం చూడకుండా మద్రాసు చేరేది.

పడవ గాలి ఉంటే తెరచాప మీద, లేకపోతే తాడు మీద నడిచేది. లాగే తాడు పడవ మూతికి కట్టరు, తెరచాప కొయ్యకు ఎత్తుగా కడతారు. మూతికి కడితే లాగిన ప్రతిసారీ పడవ గట్టు వైపు తిరిగి బురదలో కూరుకుంటుంది. పైగా తాడు తుమ్మకంపలకు తగులుకుంటుంది. కొయ్య మీద నుంచి లాగుతుంటే చుక్కాని పట్టినవాడు మూతిని కాస్త కాలవ నడిమికి పెట్టుకుని ఉంటాడు. ఎదురుగా మరో పడవ వస్తే ఒకరు తాడు వదులు చేసి నీళ్లలోకి జారనిస్తారు, రెండో పడవ దాని మీంచి పోతుంది. వంతెన వస్తే కొయ్య దించాలి, దాటాక మళ్లీ నిలపాలి. సాయంత్రం ఎక్కి రాత్రంతా గూటి కింద పడుకుని తెల్లారి దిగే రహదారి పడవలు ఉండేవి. పెళ్లివాళ్లు, వ్యాజ్యాలకు పోయేవాళ్లు, పుట్టింటికి పోయే ఆడపిల్లలు వాటిలోనే. సరుకు పడవల్లో ధాన్యం, కొబ్బరికాయలు, బెల్లం, పెంకులు, గడ్డి, భద్రాచలం వైపు నుంచి తెప్పలుగా కట్టి వదిలిన వెదురు, కలప.

ఇదంతా ఒక్కరోజులో పోలేదు. గట్ల మీద రోడ్లు పడ్డాయి, బస్సులు, లారీలు వచ్చాయి. కొత్తగా కట్టిన వంతెనలు కొన్ని పడవ దూరలేనంత కిందికి కట్టారు. అది తప్పు. ఒక్క వంతెన కిందికి కడితే ఆ కాలవంతా పడవకు మూసుకుపోయినట్టే. పడవ పోవడం మానేసరికి గుర్రపుడెక్క కమ్మింది. పడవ తిరిగే కాలవలో గుర్రపుడెక్క నిలవలేదు, తిరగని కాలవలో అది రెండు వారాలకే రెట్టింపు అవుతుంది. ఇప్పుడు దాన్ని తీయించడానికి ఏటా డబ్బు పోస్తున్నారు.

ఊళ్లో ఇళ్లలో వానాకాలం మొదలైందనడానికి గుర్తు వాన కాదు, బిందె. జూన్ ఆఖరుకో జులైలోనో "కొత్తనీరు వచ్చింది" అనేవాళ్లు. ఎగువ అడవుల మట్టి కలిసి ఏరు ఎర్రబడుతుంది. నిన్నటిదాకా అడుగు కనిపించిన నీళ్లు ఇవాళ బిందెలో చెయ్యి పెడితే చెయ్యి కనిపించదు. కుళాయిలు లేని రోజుల్లో ఆ నీళ్లే తాగాలి. అందుకు చిల్లగింజ. మట్టికుండ లోపలి గరుకు మీద, అడుగు నుంచి పైకి, గింజను తడిపి గుండ్రంగా నాలుగైదు నిమిషాలు అరగదీసేవాళ్లు. అప్పుడు నీళ్లు పోసి, కర్రతో ఒక్కసారి కలిపి, మూత పెట్టి రాత్రంతా కదపకుండా ఉంచాలి. తెల్లారేసరికి మట్టి అడుగున బంకలా పేరుకుని పైన తేటనీరు నిలుస్తుంది. దాన్ని వంచకూడదు, చెంబుతో పైపైన ముంచుకుని వేరే కుండలోకి గుడ్డ వేసి వడకట్టాలి. అడుగున నాలుగు వేళ్ల నీరు వదిలేయాలి. గింజ మరీ అరగదీస్తే నీళ్లకు చేదు తగులుతుంది. పటికతో కూడా తేరుస్తారు. పటిక బిళ్లను బిందెలో పదిసార్లు తిప్పితే చాలు, ఇరవైసార్లు తిప్పితే నాలుక వగరెక్కుతుంది. తేరిన నీరు శుభ్రమైన నీరనుకోకూడదు. మట్టి దిగుతుంది గానీ రోగం దిగదు, కాచి తాగాల్సిందే. ఈ సంగతి తెలిసిన ఇళ్లలో వానాకాలం వాంతులు, విరేచనాలు తక్కువ.

ఎర్రనీరు పెరుగుతుంటే ఊరంతా నీటిమట్టం కొలిచే గేజి రాయి వైపు చూస్తుంది. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75కి రెండోది. 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక నాటికి కిందికి పోయే నీరు సుమారు 10 లక్షల క్యూసెక్కులు, రెండో దానికి దాదాపు 13 లక్షలు. ఊరికి ఈ అంకెలతో పెద్ద భయం ఉండదు, భయం దిగువ లంకలది. మొదటి హెచ్చరికకే కోనసీమలో లంక కాజ్‌వేలు మునుగుతాయి, పాలు, కూరగాయలు పడవెక్కుతాయి. మూడో హెచ్చరికకు ఇళ్లు ఖాళీ చేయాలి. అందుకే ఇక్కడివాళ్లు ముందు భద్రాచలం అంకె అడుగుతారు. అక్కడ 43, 48, 53 అడుగులకు హెచ్చరికలు. అక్కడి నీరు ఇక్కడికి చేరడానికి సుమారు ఒక రోజు. ఆ ఒక్క రోజే లంకల వాళ్లకు పశువులను తోలుకునే వ్యవధి. అయితే భద్రాచలం అంకె ఒక్కటే చూసి ధీమాగా ఉండకూడదు. శబరి కలిసేది భద్రాచలానికి దిగువన, కూనవరం దగ్గర. అక్కడ తగ్గుతోందంటూనే ఇక్కడ పెరిగిన రోజులున్నాయి.

1986 ఆగస్టు 16న ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. అంతకు ముందు 1953 వరద గురించి చెప్పుకునేవాళ్లు, ఆ తర్వాత అందరి నోటా ఎనభయ్యారే. ఇప్పటికీ పాత ఇళ్లలో గోడ మీద గీత చూపిస్తారు. 2022 జులైలో 25 లక్షలు దాటినప్పుడు "ఎనభయ్యారుకు ఇంకా ఎంత తక్కువ" అనే కొలుచుకున్నారు.

వరద రాత్రుల్లో ఏటిగట్టు కాపలా ఒక విద్య. లాంతర్లు, గునపాలు, ఖాళీ గోనెలు, ఇసుక గుట్టలు సిద్ధం. గట్టు పైనుంచి నీరు పొర్లి తెగడం కన్నా, కింద నుంచి బుంగ పడి తెగడమే ఎక్కువ. ఎలుక బొరియ, ఎండ్రకాయ కన్నం, కొట్టేసిన చెట్టు కుళ్లిన వేరు, ఏదైనా దారే. కాబట్టి కాపలా గట్టు మీద నడిస్తే సరిపోదు, వెలుపలి వాలు కింద, అంటే ఊరి వైపు, నడవాలి. ఊట కనిపిస్తే ముందు నీటి రంగు చూడాలి. తేటగా వస్తే ఒక మనిషిని అక్కడే కూచోబెడతారు. బురదగా వస్తే గట్టు లోపలి మట్టి కొట్టుకొస్తోందని అర్థం, ఇక క్షణం ఆలస్యం చేయకూడదు. తెలియనివాళ్లు చేసే పని ఆ కన్నంలోనే గోనెలు కుక్కడం. అలా కుక్కితే నీరు పక్కన ఇంకో కన్నం చేసుకుంటుంది. బుంగ చుట్టూ ఇసుక బస్తాలతో బావి గట్టులా గుండ్రంగా కట్టి, లోపల నీరు నిలవనివ్వాలి. నిలిచిన నీటి బరువు ఊట జోరును అణుస్తుంది. తేట నీరు వచ్చేదాకా ఒక్కో వరస పేర్చుకుంటూ పోవాలి. ఈ మాట రైతుకూలీలకు తెలిసినంత బాగా చాలామంది చదువుకున్నవాళ్లకు తెలియదు.

ఆ ఎర్రనీటిలోనే పులస. సముద్రంలో ఉన్నప్పుడు అది విలస. గుడ్లు పెట్టడానికి వరదకు ఎదురీదుతూ గౌతమి, వశిష్ఠ పాయల్లోకి వస్తుంది. మంచినీటికి వచ్చేకొద్దీ ఒంటి ఉప్పు పోతుంది, కండ మెత్తబడుతుంది, రుచి మారుతుంది. పైకి వచ్చిన చేపకు ధవళేశ్వరం కట్టు అడ్డం. అందుకే కట్టు కింద దొరికిన పులసకు ఉన్న పేరు మరెక్కడి చేపకూ లేదు. "పుస్తెలమ్మైనా పులస తినాలి" అని గోదావరి మాట. ఈ మాటను అడ్డం పెట్టుకుని మంచుపెట్టెల్లో వచ్చిన సముద్రపు చేపను, వేరే రాష్ట్రాల చేపను పులసని అమ్మేవాళ్లు ఎక్కువయ్యారు. సముద్రపు దాని పొలుసు తెల్లని వెండి. ఏటి పులస పొలుసులో కాస్త పసుపు, ఎరుపు జీర ఉంటుంది. మొప్ప ఎత్తి చూడాలి, ఎర్రగా తడిగా ఉండాలి. రేవులో వల తీసేటప్పుడు కొనుక్కోవడమే ఖాయమైన దారి.

కిలో చేపకు వెడల్పాటి మట్టిదాక కావాలి, ముక్కలు ఒక్క వరసగా పరుచుకునేంత. నాలుగు పెద్ద ఉల్లిపాయల ముద్ద, ఎనిమిది పది పచ్చిమిరప చీలికలు, పెద్ద నిమ్మకాయంత చింతపండు పులుసు, మూడు చెంచాల కారం, పసుపు, ఉప్పు, ధనియాలు, జీలకర్ర నూరిన ముద్ద. 150 గ్రాముల నూనె, అందులో సగం ఆవకాయ జాడీ నూనైతే మరీ మంచిది. ఉల్లిముద్ద పచ్చివాసన పోయేదాకా వేయించి, పులుసు పోసి, అది తెర్లాక ముక్కలు పరచాలి. నాలుగు బెండకాయలు కోయకుండా వేస్తారు. ఇక గరిటె పెట్టకూడదు. పులస కండ గరిటె తగిలితే విచ్చిపోయి ముళ్లు పులుసంతా కలుస్తాయి, తినేవాడికి నరకం. దాకను రెండు చేతులా గుడ్డతో పట్టి తిప్పాలి. సెగ తగ్గించి గంట పైగా ఉడకనివ్వాలి. దించేముందు కాస్త వెన్న. ఆ పూట తినడం తొందరపాటు. మట్టిదాకలోనే రాత్రంతా ఉంచితే పులుసు ముక్కకు పట్టి, పైన నూనె తేలుతుంది. మరుసటి రోజు వేడి అన్నంలోకి తింటేనే పులస పులుసు తిన్నట్టు.

కట్టు సంగతి ఇంకొంచెం చెప్పాలి. నూరేళ్లు దాటిన పాత ఆనకట్ట బాగా నలిగింది. దాని స్థానంలో 1970లో మొదలై 1982కు పూర్తయిన బ్యారేజీకి ఆర్థర్ కాటన్ పేరే పెట్టారు. గేట్లు 175. ధవళేశ్వరం ముక్కకు 70, ర్యాలికి 43, మద్దూరుకు 23, విజ్జేశ్వరానికి 39. పాత ఆనకట్టలో మిగులు నీరు తల మీంచి దూకేది. వరద ముందు తల మీది మడత తలుపులు పడుకోబెట్టేవాళ్లు, వరద తీశాక ఒక్కొక్కటీ లేపేవాళ్లు. గేట్లు వచ్చాక నీరు కింద నుంచి పోతుంది, ఇసుకను కొంత తోసుకుపోతుంది. గేట్ల తగువు వేరు. వరదలో కొట్టుకొచ్చిన దుంగ గేటు కింద చిక్కితే గేటు పూర్తిగా దిగదు, తీసేదాకా నీరు వృథా. రబ్బరు అంచులు అరిగితే కారుతుంది. ఎండాకాలంలో ఆ కారే నీరే ఎవరో ఒకరి పొలం తడి. నిలవ చూస్తే బ్యారేజీలో పట్టేది 3 టీఎంసీలకు లోపే, పెద్ద వరదతో పోలిస్తే గంటసేపటి లెక్క. అందుకే ఏటా లెక్కలేనంత నీరు సముద్రంలో కలుస్తున్నా, ఫిబ్రవరి, మార్చిలో దాళ్వా చేలకు, అంటే రెండో పంట వరికి, నీరు చాలదు. అప్పుడు అందరూ అడిగేది సీలేరు గురించి. కొండల్లో కరెంటు తీసి వదిలిన నీరు శబరి మీదుగా దిగొస్తేనే దాళ్వా గట్టెక్కుతుంది. చాలకపోతే వంతులవారీ. కాలవ మీద మొదటి రైతుకు వంతు సంగతే పట్టదు, చివరి రైతుకు వంతు వచ్చేసరికి నీరుండదు. ఆ గొడవ ఈ డెల్టాలో ఎప్పటిదో.

దాళ్వా కోతల వేళకు, ఏప్రిల్‌లో, కాలవలు కట్టేస్తారు. కట్టేసే ముందు ఊరూరా మంచినీళ్ల చెరువులు నింపుకోవాలి. మళ్లీ జూన్‌లో వదిలేదాకా ఆ చెరువే గతి. చెరువు గట్టు కారుతోందని నింపాక తెలిస్తే చేసేదేమీ లేదు, కాబట్టి మార్చిలోనే గట్టు తొక్కించాలి. కాలవ ఎండిన ఆ నెలన్నరే లాకులకు, తూములకు మరమ్మతు సమయం. ఒకప్పుడు ఆ రోజుల్లో ధవళేశ్వరం వర్క్‌షాపులో నిప్పు ఆరేది కాదు. ఆనకట్ట కాలంలో పుట్టిన వర్క్‌షాపు అది. డెల్టా మొత్తానికి కావలసిన తూముల తలుపులు, మరలు, గొలుసులు, లాకు తలుపుల ఇనుప పట్టీలు అక్కడే తయారయ్యేవి. కమ్మరి, వడ్రంగి, మోల్డరు, ఫిట్టరు, తరం తర్వాత తరం ఆ గేటులోంచే పనికి పోయారు. ఆ చేతిపని విలువకు తగ్గ గుర్తింపు ఊరికి రాలేదన్నది నిజమైన బాధ.

కొండ మీద జనార్దనస్వామి గుడి ఉంది. గోదావరి వెంట ఉన్న నవ జనార్దన క్షేత్రాల్లో ఇది మొదటిదంటారు. మాఘమాసంలో భీష్మ ఏకాదశికి తీర్థం. మెట్లెక్కి నది వైపు తిరిగితే కట్టు, లంకలు, కాలవ మొదలు, మూడూ ఒక్క చూపులో పడతాయి. ఏ పటమూ అంత బాగా చెప్పలేదు. పుష్కరాలకు రామపాదాల రేవు నిండిపోతుంది, మామూలు రోజుల్లో అక్కడ నలుగురైదుగురే స్నానాలు చేస్తుంటారు.

ఊరు చూడటానికి వచ్చేవాళ్లు ఎక్కువమంది బ్యారేజీ మీద బండి ఆపి ఫొటో తీసుకుని పోతారు. రోడ్డు ఇరుకు, బండ్లు తిరుగుతాయి, అక్కడ ఆగడం ప్రమాదం కూడా. పొద్దున్నే కొండ ఎక్కి, దిగాక కాటన్ మ్యూజియానికి పోవాలి. అక్కడ ఆనకట్ట, లాకుల నమూనాలు ముందు చూసి, తర్వాత బయటికి వచ్చి అసలు లాకు దగ్గర నిలబడితే ఏది ఎందుకుందో తెలుస్తుంది. గుంజల మీద తాళ్లు కోసిన గాట్లు వేలితో తడమొచ్చు. వరద చూడాలంటే ఆగస్టు, గట్టు మీద నుంచి మాత్రమే, రేవు మెట్లు దిగకుండా. లాకు లోపలి పనితనం చూడాలంటే మే నెల. కాలవ కట్టేసి ఉంటుంది, గది ఎండి ఉంటుంది, రాతి గడప, తలుపు ఆనే అంచు, అడుగు పరుపు అన్నీ పైకి కనిపిస్తాయి. జూన్‌లో నీరు వదిలితే అవన్నీ మళ్లీ పదినెలల దాకా మునిగే ఉంటాయి.